రెండు డిగ్రీలు ఎడమకి

కొత్త కదిరిలో ఆ రోజు కూడా మామూలుగానే తెల్లారింది. ఎర్రటి ఆకాశం అంచున సూర్యుడు రేగుపండంత వచ్చి నిలబడ్డాడు. గాజు కప్పు మీది దుమ్ముని చీపురు మరలు ఊడ్చుకుంటూ పోయాయి. ఇంటింటికీ ఒక చెంబెడు నీళ్లు వదిలి గొట్టం ఊపిరి బిగబట్టింది. ఆ చెంబుతోనే మొహం కడుక్కుని, ఆ నీళ్లనే వడగట్టి కాఫీ పెట్టుకుని, ఆ గిన్నె కడిగిన నీళ్లు వేరుశనగ మొక్కకి పోసేవాళ్లు.

అంగారకుడి మీద మనుషుల్ని దింపాలనుకున్నప్పుడు పెద్దలు ముందుగా అనంతపురం వైపు వాళ్లనే ఎంచి పంపారు. ఎర్రమట్టి, దుమ్ముగాలి, నీళ్లు లేకపోవడం, ఈ మూడూ వాళ్లకి కొత్తగా నేర్పే పని లేదు మరి. రాకెట్ తలుపు తీసుకుని దిగిన మొదటి ముసలాయన చుట్టూ ఒకసారి చూసి, "ఇంత దూరం ఎగరేసుకొచ్చి మళ్లీ మా చేనుకాడ్నే దింపినారేందప్పా" అన్నాడట.

తర్వాత గోదావరి వైపు వాళ్లు వచ్చి పక్క లోయలో కొత్త లంక కట్టుకుని వరి వేశారు. రెండు లోయలకీ మధ్య కొండలో ఒకే ఒక్క మంచుగని. మంచు కరిగిస్తే నీళ్లు. గని ముందు ఇనుప చక్రం ఒకటి ఉండేది. దాన్ని కుడికి తిప్పితే నీళ్లు కొత్త కదిరికి, ఎడమకి తిప్పితే కొత్త లంకకి. ఏటా మొదటి తడి ఎవరికి?

కొట్లాట ఎందుకు, ఆట ఆడి తేల్చుకుందామన్నారు. క్రికెట్ పెడితే కొట్టిన బంతి తిరిగి రాలేదు. కబడ్డీ పెడితే పట్టినవాడూ పట్టుబడినవాడూ కలిసి పైకి లేచిపోయారు. అంగారకుడి మీద మనిషి బరువు మూడో వంతుకి కాస్త పైన, అంతే. చివరికి మిగిలింది గోల్ఫ్. గాజు కప్పుని పొడుగ్గా సాగదీసి, పచ్చిక పెంచే నీళ్లు లేవు కాబట్టి నూనె కలిపిన ఇసకని చదును చేసి, మైదానం తయారు చేశారు.

అక్కడ దూరం కొట్టడం గొప్ప కాదు. ఎవడు బాదినా బంతి కొండ దాటుతుంది. పైకి పోయిన బంతి దిగేలోపు వక్కాకు వేసుకుని నమిలి ఉమ్మెయ్యొచ్చు. గెలుపోటములన్నీ గుంత చుట్టుపక్కలే. షార్ట్ గేమ్‌ని వాళ్లు దగ్గరాట అనేవాళ్లు. బంతిని చిన్నగా లేపి గుంత దాపుకి చేర్చడం ఎగరేత, నేల మీద నడిపించి గుంతలో వెయ్యడం దొర్లింపు. బరువు తక్కువ కాబట్టి అక్కడ బంతికి ఆగడమంటే ఇష్టం ఉండదు. చీమ తోసినా జానెడు పోతుంది.

ఇదంతా 2137 నాటి మాట. ఆ ఏడు కొత్త కదిరి తరఫున ఆడాల్సినవాడు మద్దిలేటి. గనిలో డ్రిల్లింగు పెద్ద. చేతులు తూము గొట్టాల్లా ఉంటాయి. ఏళ్లుగా కొత్త లంక తాతబ్బాయి చేతిలో ఓడిపోతున్నాడు, అదీ ఎప్పుడూ ఆఖరి గుంత దగ్గరే. రెండడుగుల దొర్లింపు, కళ్లు మూసుకుని వెయ్యొచ్చు, మద్దిలేటి బంతి మాత్రం గుంతకి ఎడమ పక్క నుంచి పలకరించి పోయేది.

ఈసారి అసలు ఆడనిచ్చేదే అనుమానమైంది. ఆరితేరినవాడు డెబ్బై రెండు దెబ్బల్లో ముగించే ఆటని మనవాడు తొంభైలో ముగిస్తే, ఆ తేడా పద్దెనిమిదీ మనవాడి హ్యాండికాప్. అక్కడ దాన్ని లోటంకె అంటారు. పన్నెండు దాటిన లోటంకె ఉన్నవాడు పందెంలో దిగకూడదని రెండు ఊళ్ల పంచాయితీ ఆ ఏడే కొత్తగా కట్టుబాటు పెట్టింది. మద్దిలేటిది సరిగ్గా పద్దెనిమిది. కొత్త కదిరిలో మిగతా అందరిదీ ముప్పై పైమాటే. మొదటి తడి మళ్లీ పోతే వేరుశనగ ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టేవేళకి ఎండిపోతుంది. విత్తనం కూడా మిగలదు.

"ఏమ్మే, మళ్లీ ఎడమకే పోయింది" అన్నాడు మద్దిలేటి, ఇంటికొచ్చి కర్ర గోడకి ఆనిస్తూ.

"కుడికి చూసి కొట్టరాదా?" అంది అతని భార్య సుంకులమ్మ.

"కుడికి చూస్తే ఇంకా ఎడమకి పోతాంది. ఈ చెయ్యి నాది గాదు మే. ఎవురిదో తెచ్చి అతికించినారు."

సుంకులమ్మ నాడీ ఇంజినీరు. గనిలో చేతులు పోగొట్టుకున్నవాళ్లకి మరచేతులు చేసిపెడుతుంది. ఆమె భర్త చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"చెయ్యి నీదే. దాని మాట వినేటోడు ల్యాక అది దోవ తప్పింది. నేను చేస్తా ఉండు. ఈ ఏడు మొదటి తడి మన చేనికే. రాకపోతే నా పేరు సుంకులమ్మ గాదు."

ఆమె చేసినది నిలకడగవుసు అనే చేతితొడుగు. మెదడు నుంచి చేతికి కబురు నరాల్లో విద్యుత్తుగా వస్తుంది. భయపడితే ఆ కబురులో ఒక వణుకు కలుస్తుంది. గవుసు లోపల బియ్యపు గింజంత సెన్సర్లు ఆ వణుకుని ముందే పసిగడతాయి. వేళ్ల దగ్గరి మోటార్లు సరిగ్గా దానికి ఎదురు వణుకు పుట్టిస్తాయి. రెండూ కలిసి సున్నా. చెయ్యి బండలా నిలుస్తుంది. చూడ్డానికి ఎడమ చేతికి వేసుకునే మామూలు గ్లౌజు. దానికి మాట కూడా వచ్చు. సుంకులమ్మ మాటలు విని నేర్చుకుంది కాబట్టి ఆమె యాస, ఆమె విసురూ దానికి అచ్చంగా వచ్చాయి.

ఒంటరిగా ఉన్నప్పుడు గవుసుతో మద్దిలేటి కొట్టిన ప్రతి దొర్లింపూ గుంతలో పడింది. అంతలో ఆట తేదీ మాట్లాడ్డానికి తాతబ్బాయి వచ్చాడు. తెల్ల పంచె, కింద గురుత్వపు బూట్లు, చేతిలో మడతకాజాల డబ్బా.

"ఏవండీ మద్దిలేటి గారూ, మీరు ఆడుతుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలవండి బాబూ. ఏదీ, ఒక్కటి కొట్టండి, కళ్లారా చూసి పోతాను. ఆయ్."

మద్దిలేటి కొట్టాడు. బంతి ఎడమకి పోయింది.

తాతబ్బాయి వెళ్లాక గవుసు నోరు విప్పింది. "సుంకులమ్మా, ఇది భయం గాదు. భయం గడగడా కొట్టుకుంటాది, దాన్ని అణిచేసినా. అలుపూ గాదు. ఇంకేందో మెత్తగా వచ్చి మణికట్టుని రెండు డిగ్రీలు ఎడమకి తోసి పోయింది. నా దగ్గర దీనికి పేరు లే."

"ఇంగ్లీషు పుస్తకాల్లో ఎతుకు."

"ఎతికినా. దగ్గరికొచ్చే మాట గూడా లే."

సుంకులమ్మ ఆలోచించింది. నాలుగు ఓళిగలు, అదే బొబ్బట్లు, తిని బ్రేవుమన్న మొగుడి ముందు ఇంకో ఓళిగ పెట్టి, "తిను, నీకోసమే చేసినా" అంది. "నాకొద్దు పో" అన్నాడు మద్దిలేటి. సిగ్నల్ రాలేదు. అప్పుడామె ఒక మర చేత అచ్చం తాతబ్బాయి గొంతుతో పలికించింది. "ఇంకొక్కటండీ. మా మీద అభిమానం ఉంటే కాదనకండి మరి."

మద్దిలేటి కుడిచెయ్యి తనంతట తానే ఓళిగని అందుకుంది. ఎడమచేతి గవుసు కెవ్వుమంది. "వచ్చింది! అదే! రెండు డిగ్రీలు!"

సుంకులమ్మ చప్పట్లు కొట్టింది. "మొహమాటం! ఇన్నేండ్లూ నువ్వు ఓడిపోయింది తాతబ్బాయికి గాదయ్యా, మొహమాటానికి. పెద్దాయన, కాజాలు పెట్టినాడు, ఎట్ల గెలిచేదని నీ చెయ్యి పక్కకి తప్పుకుంటాంది."

"అంటే ఏంది సుంకులమ్మా?" అంది గవుసు.

"వొద్దనాలని ఉంటాది, వొద్దనలేము. అదీ."

"దీన్ని పెట్టుకోని మీరు ఇంత దూరం ఎట్ల వచ్చినారప్పా?" అంది గవుసు.

మొహమాటాన్ని వడగట్టే జల్లెడ తయారైంది. తీసేసిన సిగ్నల్ ఎక్కడికో పోవాలి కదా. తర్వాత తీరిగ్గా పరీక్షిద్దామని సుంకులమ్మ దాన్నంతా గవుసు జ్ఞాపకంలోనే ఒక మూల పేర్చమంది. గవుసు పేర్చుకుంటూ పోయింది.

ఇక మద్దిలేటికి నిద్రా తిండీ అన్నీ ఇసక మీదే. షిఫ్టు దిగడం, మైదానానికి రావడం.

"గుంతలో వెయ్యాలని కొట్టొద్దు" అనేది గవుసు. "గుంత చుట్టూ మంచమంత చోటు ఉందనుకో. ముందు ఆ మంచం మీద బంతిని పండబెట్టు. దిక్కు తప్పితే జానెడు తప్పుతాది, దూరం తప్పితే బారెడు తప్పుతాది."

ఎగరేతకి సుంకులమ్మ తాంబాళం తెచ్చి ఇసకలో పెట్టింది. "బంతి యాడ ఆగాలో చూడొద్దు, యాడ పడాలో చూడు. తాంబాళం మోగల్ల. మోగినాక అది దోవ చూసుకోని పోతాది." బరువంతా ముందరి కాలి మీద వేసి, మణికట్టు విరవకుండా, భుజాల్ని ఉయ్యాలలా ఊపుతూ మద్దిలేటి కొట్టేవాడు. తాంబాళం మోగేది. మోగకపోతే మళ్లీ. అరచేతులు పొక్కాయి, మళ్లీ. దుమ్ముగాలి లేచి గాజు కప్పు చీకటైంది, దీపం పెట్టుకుని మళ్లీ. ఊళ్లో వాళ్లు ఆ మోత వినీ వినీ గుడి గంటేమో అనుకుని దండం పెట్టడం మొదలుపెట్టారు. లోటంకె పద్దెనిమిది నుంచి పదిహేనుకి, పదిహేను నుంచి పదమూడుకి దిగింది.

అయితే మొహమాటం లేని చేత్తో ఊళ్లో బతకడం కష్టమైంది. ఊళ్లో ఒక పెళ్లి భోజనంలో పెళ్లికూతురి తల్లి ప్రేమగా నెయ్యి తెస్తే ఎడమచెయ్యి ఆకు మీద అడ్డంగా బోర్లా పడుకుంది. పంచాయితీ పెద్ద ఎన్నడో అడిగి తీసుకున్న నిచ్చెనని ఆయన ఎక్కి ఉండగానే లాక్కుంది. ఆ పెద్దే సభలో రెండు గంటలు మాట్లాడి కూర్చున్నప్పుడు అందరూ చప్పట్లు కొడితే, మద్దిలేటి ఎడమచెయ్యి ఒళ్లోంచి కదల్లేదు, కుడిచెయ్యి ఒక్కటే గాలిని కొట్టుకుంటూ ఉండిపోయింది.

"మే, నాతో మాట్లాడేటోళ్లు తగ్గిపోతాండారు" అన్నాడు మద్దిలేటి.

"లోటంకె గూడా తగ్గుతాంది గదా. పన్నెండు కానీ, తర్వాత మాట్లాడిద్దాం."

పన్నెండయింది. పంచాయితీ ముద్ర పడింది.

ఆట రోజు రెండు ఊళ్లూ కదిలి వచ్చాయి. ఒకవైపు ఎండిన వేరుశనగ కొమ్మలు పట్టుకుని కొత్త కదిరి వాళ్లు, ఇంకోవైపు వరినారు కట్టలతో కొత్త లంక వాళ్లు. తాతబ్బాయి రాగానే కాజాల డబ్బా మూత తీశాడు. మద్దిలేటి కుడిచెయ్యి లేచింది. ఎడమచెయ్యి దాన్ని పట్టి కిందకి దించింది.

"అదేంటండీ! కాజా కాదన్నవాణ్ణి ఇదే చూడ్డం" అన్నాడు తాతబ్బాయి, నిజంగానే నొచ్చుకుని.

గుంత గుంతకీ పోటీ సాగింది. ఒకటి ఈయన గెలిస్తే ఒకటి ఆయన. ఎగరేతలు తాంబాళం లేకపోయినా తాంబాళం మోగినట్టే పడ్డాయి. ఆఖరి గుంతకి ఇద్దరూ సమానం. చెరి రెండు దెబ్బల్లో గుంత చుట్టూ ఉన్న ఇసక పలక మీదకి చేరారు. మద్దిలేటి బంతి గుంతకి మూడు బారల దూరంలో, తాతబ్బాయిది రెండడుగుల్లో. దూరంగా ఉన్నవాడు ముందు కొట్టాలి. వేస్తే మద్దిలేటికి ఓటమి లేనట్టే.

అతను కర్ర అందుకుంటుండగా తాతబ్బాయి దగ్గరికొచ్చి గవుసు వైపు వంగాడు.

"ఏమ్మా, పొద్దుటి నుంచీ చూస్తన్నాను. ఊపిరి తిప్పుకోకుండా చాకిరీ చేస్తన్నావు. ఛార్జింగన్నా పెట్టారా తల్లీ నీకు? ఆయ్, కాజా తినేదానివైతే ముందు నీకే పెట్టేవాణ్ణమ్మా."

పుట్టినప్పటి నుంచీ ఎవరినీ 'అండి' అనని గవుసు, "ఉండాదిలెండి... సరిపోతాది" అంది సన్నగా.

మద్దిలేటి భుజాలు ఉయ్యాలలా ఊపి కొట్టాడు. వాలు సరిగ్గా చూశాడు, దూరం సరిగ్గా కొలిచాడు. కర్ర బంతిని తాకే క్షణంలో మణికట్టు రెండు డిగ్రీలు ఎడమకి తిరిగింది. బంతి గుంత అంచుకి జానెడు దూరంలో ఆగింది. కొత్త కదిరి నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"గవుసూ! ఏం చేసినావే!" అంది సుంకులమ్మ గట్టుమీంచి.

గవుసు కావాలని చేసిందేమీ లేదు. అన్నాళ్లూ వడగట్టి దాచుకున్న మొహమాటం, మద్దిలేటిది, పెళ్లిలోది, సభలోది, మొత్తం మూలగది తలుపు తీసుకుని బయటికి వచ్చింది. తనని ఒక మనిషి ఆప్యాయంగా పలకరిస్తే ఏమౌతుందో దానికి అదే మొదటిసారి.

ఇప్పుడు తాతబ్బాయి వంతు. రెండడుగుల దొర్లింపు వేస్తే గెలిచినట్టే. కానీ అతను కర్ర ఎత్తలేదు. చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. ఎందుకంటే అంత చిన్న దొర్లింపుని ఎదుటివాడు 'ఇచ్చేసినాం లెండి' అని ఎడమచెయ్యి ఎత్తి వదిలెయ్యడం ఆటలో మర్యాద. చెయ్యి లేస్తే బంతి పడినట్టే లెక్క. తాతబ్బాయికి అందరూ ఎప్పుడూ ఎత్తారు. కాజాలు తిన్నవాళ్లు ఎత్తక ఏం చేస్తారు?

మద్దిలేటి ఎడమచెయ్యి లేవసాగింది. మోకాలి దాకా, నడుము దాకా.

"ఇచ్చేద్దాంలే సామీ" అని గొణిగింది గవుసు. "పెద్దాయన గదా."

మద్దిలేటి కర్ర పారేసి కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకున్నాడు. ఎడమచెయ్యి పైకి, కుడిచెయ్యి కిందకి. డ్రిల్లింగు మర బిగుసుకుపోతే లాగే మనిషి, నుదుటి నరాలు లేచేదాకా లాగాడు. బరువు తక్కువ చోటు కాబట్టి ఇద్దరు మనుషులు కొట్లాడుకుంటున్నట్టు గిరగిరా తిరిగాడు. చివరికి గవుసుని తొడకేసి అణిచిపట్టాడు.

చెయ్యి ఆగింది. ఇంకా నోరుంది. నోటికి ఏ గవుసూ లేదు. ఎదురుగా పెద్దాయన నవ్వుతున్నాడు. గట్టు మీద ఎండిన వేరుశనగ కొమ్మలు కనిపించాయి. మద్దిలేటి నోరు విప్పాడు.

"కొట్టండి తాతబ్బాయి గారూ."

"అబ్బే... ఇదా అండీ?"

"అదేనండీ. కొట్టండి."

తాతబ్బాయి మొహంలో నవ్వు మెల్లగా జారిపోయింది. కర్ర తీసుకున్నాడు. కాళ్లు ఎంత ఎడంగా పెట్టాలో చూసుకున్నాడు, మార్చుకున్నాడు. బంతి గుంత కుడి అంచు నాకి, వాలు పట్టుకుని, ఆగడం ఇష్టం లేక దొర్లుతూ దొర్లుతూ పలక చివరికి పోయింది. అక్కడి నుంచి కొట్టింది గుంత దరిదాపుల్లోకి కూడా రాలేదు.

మద్దిలేటి గవుసు విప్పి జేబులో పెట్టుకున్నాడు. పొక్కులు కాయలు కాచిన ఒట్టి చేతులతో జానెడు దొర్లింపు వేశాడు. టక్.

కొత్త కదిరి మొత్తం ఎగిరింది. ఆ గురుత్వానికి ఎగిరినవాళ్లు దిగడానికి కాస్త టైం పట్టింది.

"ఇన్నేళ్లలో నన్ను కొట్టమన్నవాడే లేడండి" అన్నాడు తాతబ్బాయి, తన కర్ర వైపు వింతగా చూస్తూ. "నాకు ఇది రాదని నాకే తెలీదు."

అందరూ మంచుగని దగ్గరికి నడిచారు. గెలిచినవాడు తన చేత్తో చక్రం తిప్పాలి. కొత్త లంక వాళ్లు నారుకట్టలు పట్టుకుని వెనక నిలబడ్డారు.

"మీ నారు ఎట్లుందండీ?" అన్నాడు మద్దిలేటి.

"ఉంటదిలెండి. ఎల్లాగో అల్లాగ. మీరు కానివ్వండి, ఆయ్" అన్నాడు తాతబ్బాయి. అలవాటుగా కాజాల డబ్బా మూత తీశాడు.

అది చూసి సుంకులమ్మ ఒక్క ఉరుకున వచ్చింది. మొగుడి జేబులోంచి గవుసు లాగి, నడుముకున్న బ్యాటరీకి తగిలించి గబగబా ఛార్జింగ్ పెట్టింది. "నా మొగుడు నాకు తెలుసు. బంతికాడ గెలిచినోడు చక్రంకాడ ఓడిపోతాడు. ఇందాక చార్జి తగ్గి తిక్క చేసినట్టుంది. ఇప్పుడు నిండుగా ఉంది. వేసుకో."

మద్దిలేటి ఎడమచేతికి గవుసు వేసుకుని చక్రం పట్టుకున్నాడు. కుడికి తిప్పాడు, పూర్తిగా, గట్టిగా, కిర్రుమనేదాకా. కొండ లోపల మంచు నీళ్లు గర్జించి కొత్త కదిరి కాలవలో దూకాయి. ఎండిన కొమ్మలు పట్టుకున్న ఆడవాళ్లు కాలవలో దిగి మోకాళ్ల దాకా తడిసి నవ్వారు.

అప్పుడు చక్రం ఎడమకి కదిలింది. కొంచెమే. రెండు డిగ్రీలు. కొత్త లంక కాలవలోకి బొటనవేలంత లావు ధార పడి మెరిసింది. నారుకి సరిపోయేంత.

"గవుసూ, ఇదేందే?" అని అరిచింది సుంకులమ్మ.

"నువ్వు నన్ను పుట్టించినావు" అంది గవుసు. "పొద్దూమాపూ పని చేయించినావు. తిక్క అన్నావు. ఛార్జింగ్ పెట్టినారా తల్లీ అని అడిగిన మనిషి ఈ రెండు ఊర్లలో ఒక్కడే సుంకులమ్మా. ఎట్ల గాదనేది, నువ్వే చెప్పు?"

మద్దిలేటి కుడిచేత్తో చక్రాన్ని సరిచెయ్యొచ్చు. కొత్త కదిరి వాళ్లంతా ఆ చెయ్యి వైపే చూశారు.

అది అప్పటికే కాజాల డబ్బాలో ఉంది.